నడిగడి

ఏ వరుస కూడినా నూటయాభై రావాలి. రాకపోతే మేడంకు చెప్పాలి. నా ఉద్యోగం అంతే.

మా ఊరు నల్లబండపల్లి. నేల మీద జానెడు మన్ను, దాని కింద రాయి. ఆ రాతి పగుళ్లలో ఎక్కడో నీళ్లుంటాయి. ఎక్కడుంటాయో దేవుడికి తెలుసు, లేదా బోరు వేసి ఎండిపోయినవాడికి తెలుసు. నీళ్ల పరిశోధనకని సర్కారు పంపిన వకుళ మేడం వచ్చేనాటికి ఊరి చుట్టూ, మధ్యా కలిపి తొమ్మిది బోర్లున్నాయి. మూడు అడ్డం, మూడు నిలువు, ఇంచుమించు గళ్లు గీసినట్టే ఉన్నాయి. అన్నీ మూడు వందల అడుగులవే. వాటిలో మూడింట్లోనే నీళ్లు, ఒక్కోదాంట్లో నూటయాభై అడుగులు. మిగతా ఆరింట్లో రాయి వేస్తే దుమ్ము లేచేది.

ఆమె ఒక్కో బోరులోకి ఒక కంచు గుండు దించింది. మన గుమ్మడికాయంత కాదు, దోసకాయంత. గుండ్లన్నిటికీ తీగలు కట్టి, పాత పశువుల ఆసుపత్రి గదిలో పెట్టిన మిషనుకు కలిపింది. మిషను వేయగానే గుండ్లు వణుకుతాయి. ఆ వణుకు మన చెవికి అందదు, కుక్కలకు అందుతుంది. రాతి పగుళ్లు ఆ వణుక్కు నోరు తెరుస్తాయి, మూస్తాయి. నీళ్లు తోవ మార్చుకుంటాయి.

ఇరవై రెండు రోజులు ఊరి కుక్కలు అన్నం ముట్టలేదు. ఇరవై మూడో రోజు నేను తొమ్మిది బోర్లలోకీ టేపు దించాను. ప్రతి బోరులోనూ టేపు కొనకు కట్టిన సీసం ముక్క నీళ్లను తాకింది. ఈశాన్యాన తిమ్మారెడ్డి బోరులో ఎనభై అడుగుల నీళ్లు, నైరుతిన మా అక్క బోరులో ఇరవై. ఉత్తరాన పది, దక్షిణాన తొంభై. తూర్పున ముప్పై, పడమట డెబ్భై. వాయవ్యాన అరవై, ఆగ్నేయాన నలభై. ఊరి మధ్య, బొడ్రాయి పక్కనున్న సర్కారు బోరులో యాభై.

"కూడు ఓబులేసన్నా" అంది మేడం.

అడ్డం కూడాను. నిలువు కూడాను. మూల నుంచి మూలకు కూడాను. అన్నీ నూటయాభై.

"మేడం, ఇది పదైదు యంత్రం గదా? పక్కన సున్న పెట్టినట్టుండాది."

ఆమె నవ్వింది. ఆమె నవ్వడం ఎక్కువసార్లు చూడలేదు నేను.

ఆమె తాత రాగిపని చేసేవాడట. కాన్పు కష్టమైన ఆడవాళ్ల కోసం రాగిరేకు మీద ఈ తొమ్మిది గళ్లు చెక్కి ఇచ్చేవాడట. అలాంటి రేకు ఒకటి ఆసుపత్రి గది గోడకు మేకు కొట్టి వేలాడదీసింది. అంచులు అరిగిపోయాయి. మధ్యలో ఐదు మాత్రం లోతుగా ఉంది.

"తాత ఆ ఒక్క అంకె మీద రెండు దెబ్బలు ఎక్కువ వేసేవాడు. ఎందుకని అడిగితే, అది కదిలితే అన్నీ కదుల్తాయి పాపా అనేవాడు. చైనాలో ఒక కథ ఉందన్నా. ఏటికి వరదొచ్చి ఊళ్లు మునుగుతుంటే ఒక తాబేలు పైకొచ్చిందట, వీపు మీద ఇవే చుక్కలు. అక్కడా మధ్యలో ఐదే. మనవాళ్లు దీనికి భద్రగణితం అని పేరు పెట్టి పుస్తకాలు రాశారు. పెద్ద గళ్లు చేశారు, పదహారు గళ్లలో సుగంధాలు పెట్టి ఎటు తీసినా పద్దెనిమిది పాళ్లు వచ్చేలా కలిపారు. కానీ ఒకటి నుంచి తొమ్మిది దాకా మూడు గళ్ల చదరం రాస్తే, నడిమి గడిలో ఐదు తప్ప ఇంకోటి పెట్టగలిగినవాడు ఇప్పటిదాకా పుట్టలేదు."

"ఎందుకట్ల?"

"నడిమిది వరుస మొత్తంలో మూడో వంతు. ఎప్పుడూ అంతే."

నేను తలూపాను. విన్నాను. విన్నది తలకెక్కిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

*

నాకు లెక్కలు రావు. ఐదో తరగతి. కానీ రోజూ ఒకే పని చేసేవాడికి కొన్ని కనబడతాయి. ఆ ఎండాకాలం మేడం మిషనును అటూ ఇటూ సవరించి చూస్తుంటే, తిమ్మారెడ్డి బోరు ఎనభై నుంచి ఎనభై ఐదుకు పోయిన రోజు అక్క బోరు ఇరవై నుంచి పదిహేనుకు దిగింది. ఉత్తరం రెండు పెరిగితే దక్షిణం రెండు తగ్గింది. ఎదురెదురువి రెండూ కలిపితే వంద. ఎప్పుడు చూసినా వంద.

సుద్దముక్కతో ఆసుపత్రి గోడ మీద రాసి మేడంకు చూపించాను. ఆమె వేలు పెట్టి ఒక్కో జతా కూడి చూసింది.

"నువ్వే కనిపెట్టినావా?"

"కొలిస్తే కనపడింది మేడం. మిషను నీళ్లు పుట్టించడంల్యా. మా అక్క చెంబులోవి తీసి రెడ్డి బిందెలో పోస్తాండాది."

"పుట్టించదు. పంచుతుంది" అంది. తర్వాత మెల్లగా, "పంచడంలో ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు" అంది.

ఆ రోజే ఆమె తిప్పుడు సంగతి చెప్పింది. చదరాన్ని ఎనిమిది రకాలుగా తిప్పి పెట్టవచ్చట. ఎలా తిప్పినా కూడిక చెడదు. ఏటా ఉగాదికి ఒకసారి తిప్పితే, ఈ ఏడు ఇరవై ఉన్నవాడికి వచ్చే ఏడు ఎనభై. మొదటి తిప్పుడుకు అక్క బోరే ఎనభై.

ఊళ్లో చాటింపు వేశారు. అందరూ సరే అన్నారు. ఉగాది అప్పటికి పదినెలల దూరంలో ఉంది.

*

మా అక్క సుంకమ్మది చీనీ తోట, అంటే బత్తాయి. నాలుగు వందల చెట్లు, ఏడేళ్లవి. కాపుకొచ్చే వయసు. ఇరవై అడుగుల నీళ్లకు మోటారు ముప్పావు గంట ఆడుతుంది, ఆ తర్వాత గాలి పీలుస్తుంది. ఆ ముప్పావు గంట నీళ్లను బావ ఈరన్న చెట్టుకింత అని పంచేవాడు. దాహం తగ్గించాలని సగం కొమ్మలు కొట్టేశాడు. అక్క ఇంట్లో పాత్రలు కడిగిన నీళ్లు, బట్టలు పిండిన నీళ్లు, అన్నీ తోటకే మోసేది. మొదళ్ల చుట్టూ చెత్త కప్పేది.

నేను రోజూ టేపుతో వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉండేది.

"ఏమిరా, ఎంతుండాది?"

"ఇరవై, క్కా."

"నిన్నా ఇరవయ్యే గదరా! నీ టేపు అరిగిపోయిందేమో చూడు."

"ఉగాదికి ఎనభై."

"ఉగాదికి నా నోట్లో నీళ్లు పోస్తావో, నా చెట్లకు పోస్తావో. ముందుగాల వచ్చినోళ్లకు పోయి" అని నవ్వేది. నవ్వుతూనే దగ్గర్లోని ఆకు తుంచి విరిచి చూసేది. ఆకు పటుక్కుమంటే ముఖం మారిపోయేది.

మాఘానికి ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. చెట్లు చావలేదు. కానీ ఎవరైనా ఇంకొక్క నెల అంటే చచ్చేట్టున్నాయి. బావ వాటి మధ్య నడుస్తూ మాట్లాడేవాడు కాదు. నేనూ అంతే. మా ఇద్దరికీ అక్క ఒక్కతే మాట్లాడేది.

*

ఉగాదికి ముందు రోజు మేడం మిషను తిప్పింది. నీళ్లు సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని చెప్పి, పై ఆఫీసులో లెక్కలు చూపించడానికి రాజధానికి బయల్దేరింది. తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వారంలో వస్తా. దేన్నీ కదిలించొద్దు. కొలుస్తూ ఉండు, చాలు."

బస్సు ఊరు దాటిందో లేదో, బొడ్రాయి దగ్గర జనం చేరారు. తిమ్మారెడ్డి, శంభయ్య సిద్ధాంతి, దక్షిణం బోరు వాళ్లు, ఇంకా చాలామంది. నన్ను పిలిపించారు.

ఆ ఏడాది ఊరికి మంచిగా లేదు. తిమ్మారెడ్డి తండ్రి గడప తట్టుకుని పడి చనిపోయాడు. ఒక్క నెలలో పదకొండు ఆవులు గాలికుంటుతో పోయాయి. ఇద్దరు కోడళ్లకు కడుపు నిలవలేదు. చావులకూ బోర్లకూ ఏమి సంబంధమని అడిగేవాడు లేడు. అడగాల్సినవాడిని నేనే. నేనూ అడగలేదు.

శంభయ్య చెడ్డవాడు కాడు. మా నాయన దినానికి పైసా తీసుకోకుండా వచ్చినవాడు. ఆయన నేల మీద కర్రతో తొమ్మిది గళ్లు గీశాడు.

"చూడు నాయనా. మేడం గీసిందీ ఇదే, మా శాస్త్రంలో ఉన్నదీ ఇదే. ఇంటికైనా, ఊరికైనా తొమ్మిది గళ్లు. నడిమిది బ్రహ్మస్థానం. అక్కడ గుంజ నాటకూడదు, గొయ్యి తీయకూడదు. మన ఊరి బొడ్డులో మూడు వందల అడుగుల గొయ్యి ఉండాది. ఇన్నాళ్లూ ఎండిపోయి పడుండాది గనక ఊరుకుంది. ఇప్పుడు దాన్ని నీళ్లతో నింపి, లోపల గుండు పెట్టి వణికిస్తాండారు. ఎవరి కడుపులోనైనా అట్ల వణికిస్తే నిలుస్తాదా?"

తిమ్మారెడ్డి గొంతు సవరించుకున్నాడు. "దానికి తోడు ఈశాన్యం ఎండగట్టి నైరుతిన నీళ్లు పెడ్తాండారు. అది ఇంకా చేటు. అయినా మాట మాటే ఓబులేసూ. మీ అక్కకు ఇస్తామన్న నీళ్లు ఇస్తాం. నైరుతి దోషం మేము ఓర్చుకుంటాం. నడిమి గొయ్యి మాత్రం పూడ్చల్ల. పూడ్చకుంటే మా పొలంలో పోయే తీగలు పీకి పారేస్తాం. అప్పుడు ఎవరికీ ఏమీ ఉండదు."

"మేడం వచ్చినాక..."

"మేడం ఈ ఊర్లో కాపరముంటాదా? మీ అక్క ఉంటాది."

అటుపక్క చింతచెట్టు నీడలో అక్క నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమీ అనలేదు. నా వైపు చూడలేదు. బొడ్రాయి వైపు చూస్తూ ఉంది. ఆమె కాలి పగుళ్లలో ఎర్రమన్ను.

నేను లెక్క వేసుకున్నాను. మధ్య బోరు నీళ్లతో ఏ పొలమూ తడవదు. వీధి కొళాయి ఒక్కటే. తిప్పినా తిప్పకపోయినా అది యాభయ్యే, అది దేన్నీ పెంచదు, తుంచదు. ఉత్త నిలువు గుంజ. తొమ్మిదిలో ఒకటి తీస్తే ఎనిమిది ఉంటాయి.

మేడంకు ఫోన్ చేయొచ్చు. చేయలేదు. చేస్తే వద్దంటుందని తెలుసు.

*

ఉగాది పొద్దున పచ్చడి తిని మొదలుపెట్టాం. ఒక ట్రాక్టరు ఇసుక సరిపోయింది. బోరు సన్నని నోరు, ఎంత పోసినా తాగినట్టే ఉంది. ముందు పసుపునీళ్లు పోశారు. తర్వాత నవధాన్యాలు. ఇసుక పోస్తుంటే లోపల్నుంచి నీళ్లు ఎగదన్ని మా కాళ్లు తడిపాయి. జనం ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నారు.

గుండు తీయమని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. గుండు తీస్తే మిషను ఆగిపోతుంది, తిప్పుడు ఆగిపోతుంది, అక్క నీళ్లు ఆగిపోతాయి. అది నాకు తెలుసు. అందుకే గుండును లోపలే ఉంచి పూడ్చాం. నాకు అంతవరకే తెలుసు.

పైన సిమెంటు వేసేముందు శంభయ్య, "రాగి యంత్రం ఒకటి పడాలి నాయనా" అన్నాడు.

ఆసుపత్రి గదికి వెళ్లాను. మేకు మీద నుంచి రేకు తీశాను. మేడం తాత చెక్కిన రేకు. వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. బోరు నోటిలో ఇసుక మీద దాన్ని పరిచాను. చెక్కిన అంకెల్లో ఇసుక రవ్వలు చేరాయి. ఐదులో ఎక్కువ చేరాయి. దాని మీద సిమెంటు.

ఆ మధ్యాహ్నం అక్క బోరులో టేపు దించాను. ఎనభై.

బావ మోటారు వేశాడు. గంట ఆడింది. రెండు గంటలు ఆడింది. నీళ్లు కాలువలో నురగతో పరుగెత్తాయి. ఎండు చెత్త తేలి ముందు ముందు పోయింది. నాలుగు వందల చెట్లూ మొదలంటా తడిశాయి. అక్క కాలువలో కూర్చుంది, చిన్నపిల్లలా. చీర పాడవుతుందని బావ అరిచాడు. పది నెలల్లో ఆయన గొంతు వినడం అదే.

"ఓబులేసూ! రారా, ఈడ కూచో! టేపు అవతల పారేయి!"

నేను గట్టు మీదే నిలబడ్డాను. టేపు చుడుతూ ఉన్నాను.

అక్క ఎనభై, తిమ్మారెడ్డి ఇరవై, మధ్య సున్న. వంద. అంచు వరుసలు నూటయాభై. నడిమిది లేదు కదా, దాని మీదుగా పోయే వరుసల్లో యాభై తగ్గాలి కదా, సరిపోయింది అనుకున్నాను.

మర్నాడు అక్క బోరు అరవై నాలుగు. తిమ్మారెడ్డిది పదహారు.

ఇద్దరిదీ తగ్గింది. ఇంతవరకు ఎప్పుడూ అలా జరగలేదు. ఒకరిది తగ్గితే ఎదుటివారిది పెరగాలి. గట్టు మీద కూర్చుని మళ్లీ దించాను. అరవై నాలుగే. కొత్త తిప్పుడు కదా, సర్దుకుంటోంది అనుకున్నాను.

మూడో రోజు నలభై, పది. తొమ్మిదిలో ఎనిమిదీ సగానికి పడ్డాయి. ఊరి కుక్కలు మళ్లీ అన్నం మానేశాయి. ఆసుపత్రి గదికి పరుగెత్తి మిషను ఆపేశాను. గుండ్లు ఆగాయి. నీళ్లు దిగడం ఆగలేదు. అప్పుడు ఫోన్ చేశాను.

"మేడం, నడిమిది పూడ్చినాం."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. వెనక ఎవరివో మాటలు, గ్లాసుల చప్పుడు.

"గుండు తీశారా?"

"లేదు మేడం. లోపలే ఉండాది."

ఆమె ఫోన్ పెట్టలేదు. పక్కన పెట్టి మర్చిపోయినట్టుంది. ఎవరో ఆమెను కూర్చోమనడం వినిపించింది.

*

ఐదో రోజు ఆమె వచ్చేసరికి ఎనిమిది బోర్లలోనూ సీసం ముక్క రాయిని తాకుతోంది. నన్ను తిట్టలేదు. గోడ వైపు ఒకసారి చూసింది. మేకు ఉంది. నా వైపు చూసింది.

"అదీ దాంట్లోనే" అన్నాను.

బల్ల మీద గాజు పెట్టె ఉండేది. ఇసుక నింపి, తొమ్మిది గాజు గొట్టాలు గుచ్చి, నీళ్లు పోసి, మొదట్లో ఆమె పరీక్షలు చేసిన పెట్టె. చిన్న గుండ్లు, చిన్న తీగలు. స్విచ్చి వేసింది. నీళ్లు కదిలి తొమ్మిది గొట్టాల్లో తొమ్మిది ఎత్తుల్లో నిలబడ్డాయి. అప్పుడు నడిమి గొట్టంలో ఇసుక పోసి బెండు బిరడా బిగించింది.

ఎనిమిది గొట్టాల్లోనూ నీళ్లు దిగసాగాయి. హడావిడి లేదు. చీకటి పడ్డట్టు దిగాయి.

"నడిమి గుండు చెప్పిన మాటే మిగతా ఎనిమిదీ వింటాయన్నా. అది యాభై అంటే వరుస మొత్తం నూటయాభై. అది సున్న అంటే మొత్తం సున్న. మొత్తం సున్న కావాలంటే ఒకరిది పది అయితే ఎదుటివారిది సున్నకు పది కింద ఉండాలి. సున్న కింద నీళ్లు ఉండవు గదా. అందుకని ఎవరికీ లేవు."

"మళ్లీ తీస్తే? ఇసుక తోడేస్తే?"

ఆమె బిరడా తీసింది. గొట్టంలోని ఇసుకంతా గీకి బయటపోసింది. నీళ్లు పైకి రాలేదు. ఇసుక అడుగున ముద్దగా తడి కనిపిస్తూనే ఉంది, కానీ ఒక్క గొట్టంలోకీ రాలేదు.

"పగుళ్లకు తెరుచుకోవడం, మూసుకోవడం నేర్పినాను. మళ్లీ మొదటికి రావడం నాకే తెలియదు."

అయినా ప్రయత్నించారు. సిమెంటు పక్కనే కొత్త బోరు వేశారు. ఐదు వందల అడుగులకు తెల్ల దుమ్ము. వెయ్యికీ తెల్ల దుమ్మే. బ్రహ్మస్థానంలో ఇంకో గొయ్యి పడిందని ఈసారి ఎవరూ అనలేదు. శంభయ్య వచ్చి ఆ దుమ్ము పిడికిట పట్టి చూసి, తిరిగి పోయాడు. మేడంను ఆఫీసు వాళ్లు పిలిపించుకున్నారు. విచారణలో ఆమె నా పేరు చెప్పలేదని, తాళం వేయకపోవడం తన తప్పేనని రాసిచ్చిందని తర్వాత తెలిసింది. తాళం వేసింది. చెవి నాకిచ్చింది.

*

చీనీ చెట్టుకు ఒక గుణముంది. కాపు కావాలంటే రైతు దాన్ని కొన్నాళ్లు ఎండగడతాడు. ఆకు వాడేదాకా చూసి ఒక్కసారి నిండుగా నీళ్లు పెడతాడు. చావు తప్పిందనుకుని చెట్టు విరగబూస్తుంది.

అక్క చెట్లు పది నెలలు ఎండాయి. ఒక్కరోజు తాగాయి.

మూడో వారంలో నాలుగు వందల చెట్లూ పూశాయి. ఆకు కనబడకుండా పూశాయి. అలాంటి పూత ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. నైరుతి గాలికి ఊరంతా ఆ వాసనే. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్లాడుకునేవాళ్లు కూడా ఒక్క నిమిషం ఆగి గాలి పీల్చేవారు. తిమ్మారెడ్డి భార్య, "సుంకమ్మ తోట పూసిందంట్నే" అని ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆమె గొంతులో కుళ్లు లేదు.

ట్యాంకరు ఇంటికి నాలుగు బిందెలు ఇచ్చేది. చెట్టుకు ఇచ్చేది కాదు.

నేను టేపుతో వెళ్లాను. అక్క గట్టు మీదే ఉంది. తేనెటీగల మోత. బావ చెట్ల మధ్య లేడు. బెంగుళూరులో కట్టడం పనికి పోయే మేస్త్రీతో మాట్లాడటానికి పోయాడు.

"ఎంతుండాదిరా?"

నేను దించాను. మూడు వందల అడుగుల టేపు అంతా పోయింది. అడుగున సీసం ముక్క రాయికి తగిలి టక్కుమంది.

నేను చెప్పకముందే ఆమె వింది.

"నాకోసమే పూడ్చినావు గదా" అంది.

"ఔ క్కా."

"ఆ పొద్దు నేను వద్దనుంటే?"

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. ఆమె ఒడిలో రాలిన పూలు దులిపి లేచింది. వారానికి పూతంతా రాలిపోయింది. చెట్ల కింద తెల్లగా, తర్వాత గోధుమ రంగుగా, తర్వాత మన్ను రంగుగా. ఆషాఢంలో బావ వాళ్లు చెట్లు కొట్టి కట్టెలకు వేశారు. పచ్చికట్టె అని వంటకు కొనేవాళ్లు కూడా బేరమాడారు. ఇద్దరూ బస్సెక్కిన రోజు నేను తూర్పు బోరు దగ్గర ఉన్నాను. బస్సు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎవరిదో తెలియలేదు.

నాకు జీతం ఆగలేదు. ఏ కాగితంలోనో నా పేరు ఇంకా ఉంది. అందుకని రోజూ పొద్దున్నే టేపు తీసుకుని పోతాను. ఎనిమిది చోట్ల దించుతాను. తొమ్మిదో చోట సిమెంటు మీద కాసేపు నిలబడతాను. తర్వాత ఆసుపత్రి గదికి వచ్చి, సుద్దముక్కతో గోడ మీద మూడు వరుసల్లో తొమ్మిది సున్నలు రాస్తాను. అడ్డం కూడతాను. నిలువు కూడతాను. మూల నుంచి మూలకు కూడతాను.

ఇప్పటిదాకా ఒక్క వరుస కూడా తప్పలేదు.